హనోకు అచ్చు

"ఆ పెద్ద తగరపు పళ్ళెం జోలికి మాత్రం రావద్దన్నాను కదా మామయ్యా," అంది కోడలు దొర్కా. పొద్దున్నించీ ఆ మాట అనడం అది మూడోసారి.

"చెక్కపళ్ళెంలో తింటే అరగదా ఏంటమ్మా? మా తాత జీవితమంతా చెక్కలోనే తిన్నాడు. గుర్రంలా ఉండేవాడు."

"ఆ పళ్ళెం మా అమ్మ నాకు పెళ్ళికి పెట్టింది, మీ తాతకి కాదుగా!"

ఒబేదు నవ్వి, వాకిట్లో తను చేస్తున్న నీళ్ళ పీపా దగ్గరికి కుంటుకుంటూ వెళ్ళిపోయాడు. నలభై ఏళ్ళుగా పీపాలు బిగించి బిగించి ఆయన కుడిమోకాలు అరిగిపోయింది.

ఆయన భార్య కెతూరా ఆ తగువులో తలదూర్చలేదు. పొయ్యి ముందు పీట వేసుకుని, ఇనప గరిటెలో కరిగిన తగరాన్నీ సీసాన్నీ అచ్చులో పోస్తోంది. పోసి, ఐదు లెక్కపెట్టి, అచ్చు విప్పి, తుపాకీ గుండుని గోనెపట్టా మీదికి దొర్లిస్తోంది. చేతుల నిండా పాతకాలపు కాలిన మచ్చలు. ఊళ్ళో చెంచాలు పోసే అచ్చు ఆమె తండ్రి నుంచి ఆమెకి వచ్చింది. విరిగిన చెంచా, సొట్టపడ్డ చెంచా ఎవరింట్లో ఉన్నా ఆమె దగ్గరికే వచ్చేది. ముప్పై ఏళ్ళలో ఊరంతా ఆమె పోసిన చెంచాలతోనే గంజి తాగింది. ఈ వారం ఆ చెంచాలే సంచుల్లో తిరిగొచ్చాయి. పక్కింటి చెంచా కాడ మీద తను గీసిన గీతని గుర్తుపట్టింది. పట్టినా గరిటెలో వేసేసింది.

పొద్దుగూకేలోగా పని అయిపోవాలి. శనివారం సూర్యుడు దిగితే దేవుడి రోజు మొదలైనట్టే. మళ్ళీ ఆదివారం సూర్యుడు దిగేదాకా ఆ ఊళ్ళో ఎవరూ పని ముట్టుకోరు. సోమవారం తెల్లవారుతూనే ఊరి దళం రాజు సైన్యం మీదికి బోస్టన్ వైపు కదులుతుంది. ఇంటికొక తుపాకీ, తుపాకీకొక మనిషి. ఈ ఇంట్లో ఉన్నది ఒబేదు తుపాకీ ఒక్కటే. అది కొడుకు లేవి భుజం మీద వెళ్తుందని అందరూ అనుకుంటున్నారు. పైకి మాత్రం ఎవరూ అనలేదు. లేవి కూతురికి ఇంకా పళ్ళు రాలేదు.

మధ్యాహ్నం తిండి దగ్గర లేవి వార్తల కాగితం తీసి చదివాడు. "మనల్ని ఒక్క మాట అడక్కుండా మన మీద పన్ను వేస్తారా? ఇవాళ టీ మీద, రేపు పొలం మీద. ఇదేం రాజ్యం నాన్నా?"

"పదేళ్ళు ఇంగ్లండు రాజుకి అర్జీలు పెట్టుకున్నాం. తండ్రిలాంటివాడని చేతులు జోడించాం. చదివాడో, పొయ్యిలో వేశాడో," అన్నాడు ఒబేదు.

"అడిగితే ఏమంటారో తెలుసా అమ్మా? ఫ్రెంచివాళ్ళ నుంచి మిమ్మల్ని కాపాడిన యుద్ధానికి ఖర్చయింది, అది కట్టండి అంటారు."

కెతూరా రొట్టె విరుస్తూ ఆగింది. "మనం కట్టలేదా?" అంది.

లేవి కాగితం మడిచేశాడు. పెద్దకొడుకు హనోకు పదిహేడేళ్ళ కిందట ఆ యుద్ధానికే వెళ్ళాడు, రాజుగారి తరపున. అప్పుడూ ఇదే బల్ల. అప్పుడు కాగితం చదివింది ఒబేదు. ఉత్తరాన కోట దగ్గర చనిపోయాడని దళపతి రెండు వరుసలు రాశాడు. ఎలా పోయాడో రాయలేదు. తుపాకీ కూడా తిరిగి రాలేదు.

దానికి గుండ్లు పోసే అచ్చు మాత్రం పొయ్యి పక్కన మేకుకి వేలాడుతూనే ఉంది.

తిన్నాక కెతూరా పాలు పితకడానికి వెళ్ళింది. ఆవు ఇవాళ మొరాయించింది. రాత్రికి చిక్కుడుగింజల కుండ పొయ్యి గూట్లో పెట్టి, బెల్లపు పాకం సరిచూసుకుని లోపలికొచ్చేసరికి దొర్కా మొహం చెమటతో మెరిసిపోతోంది. గోనెపట్టా మీద కొత్త గుండ్లు, ముప్పై.

"చూశారా అత్తయ్యా! మీరు ఒక్కదానితో ఎంతసేపు పోస్తారని ఆ రెండో అచ్చు తీశాను. నా పళ్ళెం కూడా కరిగించేశాను. ఏడవలేదు కూడా!"

కెతూరా మేకు వైపు చూసింది. ఖాళీ.

లేవి ఒక గుండు తీసి తండ్రి తుపాకీ గొట్టం మూతికి పెట్టాడు. అది లోపలికి దిగలేదు. మూతి మీద కోడిగుడ్డులా కూర్చుంది. ఏ తుపాకీ గొట్టం వెడల్పు దానిది. ఏ తుపాకీతో చేసిన అచ్చు దానికే. ఆ సంగతి కొలిమివాడి కూతురైన దొర్కాకి తెలియనిది కాదు. రెండు అచ్చులూ మామగారి తుపాకీవే అనుకుంది, అంతే.

"అయ్యో, నా పళ్ళెం!" అని ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"నీ తప్పు లేదు," అంది కెతూరా. పీట మీద కూలబడింది. "తప్పు నాది. హనోకు వెళ్ళే ముందురోజు ఆ అచ్చుతో గుండ్లు పోసిచ్చాను. పోసి, కడిగి, అలవాటు కొద్దీ మేకుకి తగిలించాను. సంచిలో వెయ్యాల్సింది. ఉన్న గుండ్లు అయిపోయాక వాడు ఏం చేసుంటాడు? పక్కవాడి గుండ్లు వాడి తుపాకీకి పట్టవు. ఎన్నాళ్ళని... ఎవరికి చెప్పుకోను?"

వాకిట్లోంచి ఒబేదు ఎప్పుడొచ్చాడో, గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. కిటికీలో వెలుతురు ఎర్రబడింది. కెతూరా లేచి గరిటె పక్కన పెట్టేసింది. దొర్కా చేతులు కడుక్కుంది. రాత్రి భోజనానికి అందరూ చెక్కపళ్ళేల ముందు కూర్చున్నారు. ఒబేదు ప్రార్థన చెప్పాడు. ఆమెన్ అన్న తరవాత కూడా చెక్కచెంచా ఎత్తలేదు.

"రేపు పొద్దుగూకాక ఆ ముప్పై గుండ్లూ మళ్ళీ కరిగిద్దాం నాన్నా. నాకు పనికొస్తాయి," అన్నాడు లేవి.

"కరిగించొద్దు. నా తుపాకీకి పట్టేవి నలభై ఉన్నాయి. నాకు చాలు."

"నీకా?"

"ఆ రోజు పొద్దున వాడు వంతెన దాకా కూడా వెళ్ళలేదు, నేను మేకు మీద అచ్చు చూశాను." ఒబేదు భార్య వైపు కాదు, చిక్కుళ్ళ వైపు చూస్తూ అన్నాడు. "కేకేస్తే వినపడేది. సైన్యంలో ఇవ్వకపోతారా అనుకున్నాను. చేతిలో పీపా పని ఉంది. వదల్లేదు."

కెతూరా చేతిలోని రొట్టె అలాగే ఉండిపోయింది. పదిహేడేళ్ళు ఒకే మంచం మీద ఇద్దరూ చెరోవైపు తిరిగి పడుకుని మోసిన బరువు ఒకటేనన్నమాట.

"ఆ కాలుతో ఎక్కడికి వెళ్తావయ్యా?" అంది చివరికి. ఆ గొంతులో కోపం లేదు.

"బోస్టన్ ఎంత దూరమని. అక్కడ కందకాలు తవ్వే పనేనట, నిలబడి కాల్చే పని కాదట. లేవి ఇంట్లో ఉంటాడు. సోమవారం నేను వెళ్తున్నాను." ఉప్పు అందించమన్నంత మామూలుగా చెప్పి, చెంచా తీసుకున్నాడు. "నా అచ్చు మాత్రం సంచిలో నువ్వే వెయ్యి."

"వేస్తాను," అంది కెతూరా.

పొయ్యి గట్టు మీద, మట్టిగిన్నెలో, దొర్కా పెళ్ళిపళ్ళెం ముప్పై గుండ్లై చల్లారిపోయి ఉంది. ఆ గుండ్లు పట్టే తుపాకీ ఉత్తరాన ఎక్కడో మట్టిలో ఉంది.