ఉత్తరపు కిటికీ

బాన్సువాడ బస్టాండు వెనక రషీద్ స్టూడియోలో దీపాలు లేవు. ఉత్తరం వైపు ఒక కిటికీ, దాని పక్కన స్టూలు, ఎదురుగా కట్టిన తెల్ల దుప్పటి. అక్కడ కూర్చుంటే చామనఛాయ చామనఛాయగానే వచ్చేది.

ఎండాకాలం వెలుతురు వేరు, ముసురు వెలుతురు వేరు. అందుకని కాలం మారినప్పుడల్లా రషీద్ ముందుగా భార్య రహీమున్నిసాను కూర్చోబెట్టి తీసేవాడు. కడిగి ఆరబెట్టిన ఫొటోను ఆమె చెంప పక్కన పెట్టి రంగు కలిసిందో లేదో చూసుకునేవాడు. ఆమె బురఖా లేకుండా గడప దాటేది కాదు. తన ఫొటో పరాయివాళ్ల కంట పడకూడదని పెళ్లయిన కొత్తలోనే మాట తీసుకుంది. ప్రతిసారీ ఆ ఫొటోను తన చేతులతోనే పొయ్యిలో వేసేది.

"నెగెటివ్ నేను కాలుస్త, ఫికర్ చెయ్యకు" అనేవాడు రషీద్. పదకొండేళ్లు నమ్మింది.

ఆ రోజు వర్ని దగ్గరి తండా నుంచి మంగ్లి ఫొటోకు వచ్చింది. ఆడవాళ్లు వస్తే కొంగు సర్దడం రహీమున్నిసా పని. మంగ్లి ఆమె ముఖంలోకే చూస్తూ కూర్చుంది.

"అక్కా, నువ్వు బోధన్‌ల కెమెరాల షాపు ముందటి అద్దాల డబ్బాల ఫొటోల ఉన్నవు గదా?"

రహీమున్నిసా నవ్వింది. "నేను బోధన్ పోక ఏడేండ్లాయె. ఎవర్ని జూసినవో."

"నిన్నే. చెంప మీద గీ అమ్మోరు మచ్చ గూడ ఉన్నది. ఆ షాపాయన చెప్పిండు, బాన్సువాడ రషీద్ ఉన్న రంగు ఉన్నట్టు తీస్తడని. ఆడ దీపాల కింద నన్ను బొగ్గు జేసిండ్రు, అందుకే ఈడికొచ్చిన."

రహీమున్నిసా సర్దుతున్న మంగ్లి కొంగును వదిలేసింది. కెమెరా నల్లగుడ్డ కింద తల పెట్టిన రషీద్ ఎంతకీ బయటికి రాలేదు.

మంగ్లి వెళ్లాక రహీమున్నిసా అడిగింది. "ఆడ పెట్టి ఎన్నాళ్లాయె?"

"మూడేండ్లు. పేరు రాయలే, రహీమా. నీ ముఖమంత సాఫ్‌గ ఇంకెవరిదీ రాలే."

"నాతోని మాత్రం పొయ్యిల కాల్పిస్తిరి."

రషీద్ తెల్ల దుప్పటి విప్పి మడతపెట్టసాగాడు.

"పోయి తెండ్రి."

"గిరాకీ అంత దాన్ని జూసే వస్తది. ఎట్ల తెమ్మంటవ్?"

ఆమె మళ్లీ అడగలేదు. వారం తర్వాత ముసురు విడిచి ఎండ కాసింది. రషీద్ దుప్పటి కట్టి పిలిచాడు. ఆమె వచ్చి స్టూలు మీద కూర్చుని, తల మీది కొంగును ముఖం మీదుగా గడ్డం దాకా లాక్కుంది. పెళ్లయ్యాక భర్త ముందు ముసుగు వేసుకోవడం అదే మొదలు.

"ముఖం కనబడాలె గదా."

"బోధన్‌ల ఉన్నది గదా" అంది ఆమె. "ఆడికి పోయి చూస్కోండ్రి."