కుట్టు లోపలి గుడ్డ

మావయ్య దర్జీ. బడిపిల్లల నీలం చొక్కాలు కుట్టేవాడు. ఎవరి గుడ్డ వాళ్లే తెచ్చుకునేవారు. కత్తిరించగా మిగిలిన ముక్కలు మావయ్యవి. నా చొక్కాలన్నీ ఆ ముక్కలే. వీపు ఒక తానుది, చేతులు ఇంకో తానువి, కాలరు ఎవరిదో. నీలంలో ఎన్ని నీలాలుంటాయో నా ఒంటి మీద చూసుకోవచ్చు. క్లాసులో నా పేరు అతుకు.

బట్టల కొట్టాయన కొడుకు నా వెనక బెంచీ. ఇంటర్వెల్లో నా చెయ్యి పట్టుకుని వెలుతురుకు తిప్పేవాడు.

"ఒరేయ్, ఇది మా గుడ్డరా! విప్పు, నాది నాకిచ్చెయ్."

"మోచెయ్యి దాకా నాది," అనేవాడు ఇంకొకడు.

భుజం కుట్టు పర్రుమని ఊడేదాకా లాగేవాళ్లు. సాయంత్రం ఆ కుట్టు నేనే వేసుకునేవాణ్ణి. అత్త చూసి, "దారం ఊరికే రాదు" అనేది. ఎవరు చింపారని మాత్రం ఇంట్లో ఎవరూ అడగలేదు.

అమ్మ మళ్లీ పెళ్లి చేసుకుని వెళ్లి మూడేళ్లయింది. ఆ ఇంట్లో నా ఊసెత్తకూడదట. పదో తరగతి చివర గ్రూపు ఫొటో తీస్తారని తెలియగానే ఒక్కటే అనుకున్నాను: ఒకే గుడ్డతో కుట్టిన చొక్కా వేసుకుని దిగాలి, ఆ ఫొటో అమ్మకు పంపాలి. నేను ఎవరికీ బరువుగా లేనని తెలిస్తే ఒక్కసారైనా చూడ్డానికి వస్తుంది.

మావయ్యను అడిగాను.

"మూడొందల కాజాలు కుట్టు, చూద్దాం" అన్నాడు.

పదిహేను రోజుల్లో కుట్టాను. చూపుడువేలు జల్లెడయింది. మావయ్య మాట తప్పలేదు. బట్టల కొట్టబ్బాయికి రెండు చొక్కాలకని తెచ్చిన గుడ్డను బల్ల మీద పరిచి, సుద్దతో మూడు చొక్కాలు గీశాడు.

ఎదిగే పిల్లల చొక్కాకు కుట్టు లోపల రెండు వేళ్ల గుడ్డ వదలాలి, తర్వాత విప్పి వదులు చెయ్యడానికి. మావయ్య ఎక్కడా వదల్లేదు.

"మావయ్యా, వాడు లావవుతున్నాడు."

"నీకు చొక్కా కావాలా, వాడి ఒళ్లు కావాలా?"

గుడ్డ కదలకుండా అంచు పట్టుకున్నాను. నాకు చొక్కా కావాలి.

ఫొటో రోజు పొద్దున్న కొత్త చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాను. బట్టల కొట్టావిడ కొడుకును రెక్క పట్టుకుని లాక్కొచ్చింది. వాడి చొక్కా చంక కింద పిగిలిపోయి ఉంది. ఆవిడ కుట్టు తిరగేసి మావయ్య ముఖం ముందు పెట్టింది.

"పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ బట్టలమ్ముతున్నాం. మాకే టోపీ పెడతావా? లోపల గుడ్డేదయ్యా?"

అంతలో వాడు నన్ను చూశాడు. "అమ్మా, అదుగో! మన తాను!"

మావయ్య నా వైపు తిరిగాడు. "వీడేనమ్మా. నేను భోజనానికెళ్తే కత్తిరించేశాడు. తల్లి వదిలేసిందని చేరదీస్తే ఇదీ బుద్ధి. చెప్పరా, నువ్వే కదూ?"

అత్త మిషను ఆపలేదు. కాదంటే నాకు ఆ ఇల్లు కూడా ఉండదు.

"నేనే," అన్నాను.

"దొంగవెధవ! విప్పరా," అంది ఆవిడ. వీధి గుమ్మంలో నిలబడి విప్పి ఇచ్చాను. వాడు దాన్ని రెండు వేళ్లతో ఎత్తి పట్టుకున్నాడు.

"ఛీ, చెమటకంపు. సైకిలు తుడవడానికి పనికొస్తుందిలే అమ్మా."

ఆవిడ నవ్వింది.

వాళ్లు వెళ్లాక మావయ్య నా బోసి భుజం మీద చెయ్యి వేశాడు. ఆ ఇంటికి వచ్చాక అదే మొదటిసారి. తన గ్లాసులో టీ సగం నాకు పోశాడు.

"కొట్టు నిలబెట్టావు అల్లుడూ. గట్టివాడివి."

తాగాను. ఆ చెయ్యి ఇంకాసేపు ఉంటే బాగుండుననిపించింది. అలా అనిపించినందుకు ఇప్పటికీ సిగ్గే.

పాత చొక్కా తగిలించుకుని బడికి పరిగెత్తాను. నాకంటే ముందే కబురు చేరింది. "దొంగగారు వేంచేశారు," అన్నారు మాస్టారు. అందరూ నవ్వారు. ఫొటో తీసే ఆయన నన్ను చూసి, "ఆ రంగులేమిటి బాబూ, వెనక్కి పంపండి" అన్నాడు. మూడో వరసలో ఓ పొడుగువాడి వెనక నిలబెట్టారు.

వారం తర్వాత ఫొటో వచ్చింది. అందులో నా జుట్టూ, నుదురూ ఉన్నాయి. కళ్లు లేవు.

దాని వెనక పెన్నుతో రాశాను. ఈసారి 'చెప్పరా' అని నన్నెవరూ అడగలేదు.

"అమ్మా, మూడో వరసలో ఎడమ నుంచి నాలుగోవాణ్ణి నేనే. కొత్త చొక్కా వేసుకున్నాను. మావయ్యే కుట్టాడు. నన్ను బాగా చూసుకుంటారు. నువ్వు రానక్కర్లేదు."