పది గంపల ఆకు

అఫ్ఘనిస్తాను కొండల్లో రష్యా లారీ ఏ మలుపులో తిరగబడిందో సుదర్శనానికి తెలుసు. ఇంట్లో కిరసనాయిలు అయిపోయిన సంగతి మాత్రం భార్య వేదవల్లి చెబితేగానీ తెలియదు. తిరుపతిలో ఆఫీసు గుమాస్తా. చిత్తూరులో పంతులుగా ఉన్న తోడల్లుడు ముకుందం అమెరికా పక్షం గనుక తాను రష్యా పక్షం. అంతకుమించి ఆ దేశంతో ఆయనకు బంధుత్వం లేదు.

పాకాలలో మామగారు యతిరాజులు ఇంటి అరుగు మీద ఇద్దరూ కలిస్తే ప్రపంచయుద్ధమే.

"మావాళ్లు అడివిలో సిపాయికి గూడా విమానంలో ఐస్‌క్రీము పంపినారన్నా," అనేవాడు ముకుందం.

"ఐస్‌క్రీము తిని యాడ గెలిచినారప్పా? ఓడిపోయి వచ్చినారు గదా! రష్యావోణ్ణి సూడు. ఇచ్చేది రొట్టెముక్కే. కానీ ముందే రెండింతలు నిలవ పెట్టుకుంటాడు. ఒక్క రైలుదారి ఉంటే చాలు వానికి."

"ఆ రొట్టె పోయి చేరేలోపల సిపాయే పోతాడు."

యతిరాజులు కళ్లు మూసుకుని వినేవారు. పెళ్లయి ఇరవై ఏళ్లయినా పెద్దల్లుడికి ఆ ఇంట్లో ఒక్క పనీ ఒప్పజెప్పలేదు. ఏది కావాలన్నా ముకుందాన్నే పిలిచేవారు. పాలు తేవాలన్నా, పందిరి వెయ్యాలన్నా ముకుందమే. సుదర్శనం ఆ అవమానాన్ని మింగలేక రష్యా కబుర్లు ఇంకాస్త గట్టిగా చెప్పేవాడు.

ఇంతలో మామగారి షష్టిపూర్తి వచ్చింది. మూడు వందల మందికి భోజనాలు. వేదవల్లి తండ్రి దగ్గర కూర్చుని ఏం బతిమాలిందో, ఆయన పెద్దల్లుణ్ణి పిలిచారు.

"బియ్యం, కూరగాయలు ముకుందం చూసుకుంటాడు. ఆకు నువ్వు తెప్పించల్ల. చేస్తావా?"

"యుద్ధాలే లెక్కేసినోణ్ణి మామా. ఆకు ఒక లెక్కా?"

వేదవల్లి మొగుణ్ణి పక్కకు లాగింది. "ఈసారి మాట పోతే మా నాయన ముందర నేను మళ్లా నోరెత్తలేను. పక్క పల్లెలో అరటితోట ఉండాది. పోయి చెప్పి రాండి, చాలు."

"తోటోణ్ణి నమ్ముకున్న దేశం యాడైనా గెలిచిందా?" అన్నాడు సుదర్శనం. రైలుదారి ఉండగా పల్లెకు నడవడమా? వేలూరు మండీకి ట్రంకాల్ చెయ్యాలని తీర్మానించాడు.

పోస్టాఫీసుకు ముకుందం కూడా వచ్చి పక్కనే నిలబడ్డాడు. ఫోనులో గాలివాన.

"ఆకు కావల్ల! మంచాకు! మున్నూరు మందికి!" అని అరిచాడు సుదర్శనం.

"కవుళి లెక్కనేనా సామీ?" అన్నాడు అవతల మండీ ఆయన.

కవుళి అంటే ఏమిటో సుదర్శనానికి తెలియదు. అడుగుదామని నోరు తెరిచాడు. ముకుందం నవ్వడానికి సిద్ధంగా ఉన్నాడు.

"కవుళి లెక్కనే! ఇంకేం లెక్క!"

"మున్నూరు మందికైతే రెండు గంపలు శానా, సామీ."

"పది పంపు! మాకు నిలవ ఉండల్ల!"

షష్టిపూర్తినాటి ఉదయం చిన్నలైను రైలుబండిలో పది గంపలూ దిగాయి. తడిగోనె కప్పి కుట్టేసి ఉన్నాయి. వాడిపోతాయని సుదర్శనం ఎవరినీ విప్పనివ్వలేదు.

పంక్తి కూర్చుంది. గుండిగల్లో పులిహోర, దద్ధోజనం సిద్ధం. "ఆకు వెయ్యండప్పా!" అని కేక వినిపించింది. సుదర్శనం కండువా నడుముకు బిగించి తానే గోనె కోశాడు.

లోపల తమలపాకులు.

రెండోది విప్పాడు. అవే. తొమ్మిదింటిలో లేని అరిటాకు పదో గంపలో ఉంటుందేమోనని అదీ విప్పాడు.

"కవుళంటే తమలపాకు కట్టే గదన్నా," అన్నాడు ముకుందం. "నీకు తెలుసనుకుంటినే!"

"తెలిసినోడివి ఆ పొద్దే చెప్పల్ల గదరా!"

"అవతల దేశం సరఫరాలో మేం జోక్యం చేసుకోం గదన్నా."

పంక్తిలో ఒక ముసలాయన గొంతెత్తాడు. "ఏమప్పా, పాకాలలో ముందు తాంబూలం, తర్వాత అన్నమా?"

నవ్వులు లేచాయి. పట్టుపంచెలో కూర్చున్న యతిరాజులు అల్లుడి వైపు చూడలేదు. కూతురి వైపు చూశారు. ఆ చూపుకు తట్టుకోలేక వేదవల్లి కత్తి తీసుకుని పట్టుచీరతోనే వీధిలోకి దిగింది. చెల్లెలు కోమలవల్లి వెంట పరిగెత్తింది. పెరట్లో అరటిచెట్టున్న ప్రతి ఇంటి తలుపూ తట్టారు. అక్కాచెల్లెళ్లు ఆకులు మోస్తుంటే, అగ్రరాజ్యాలు రెండూ వంటపందిట్లో తప్పెవరిదో తేల్చుకుంటున్నాయి.

అందరూ తిన్నాక చివరి పంక్తిలో సుదర్శనం కూర్చున్నాడు. "వేలూరోడు మోసం చేసినాడు వేదా," అన్నాడు. చీరంతా అరటిమరకలతో ఉన్న వేదవల్లి చినిగిన ఆకు కొస ఒకటి ఆయన ముందు పరిచింది.

"తినండి. ఇది ఎదురింటి గంగులమ్మ పెరట్లోది."

యతిరాజులు వచ్చి నిలబడ్డారు. "అమ్మా, ఇంకమీద ఈ ఇంట్లో ఏ పనైనా నీకే చెప్తా. మధ్యలో మనిషి వద్దు."

సుదర్శనం ముద్ద నోటి దగ్గర ఆగిపోయింది. "మరి నేను, మామా?"

"వాకిట్లో కూర్చోని తాంబూలాలు పంచప్పా. నిలవ శానా ఉండాది గదా."