ఫినిష్ లైన్ అవతల

ఆ ఊళ్లో మేం దిగిన మర్నాడు పొద్దున్నే నాన్న తప్పిపోయాడు.

ఆ మాట నేను వెంటనే వాడలేదు. ఆయన చెప్పులూ తువ్వాలూ ఉన్న సంచి పట్టుకుని, ఫినిష్ లైన్ పక్కన ఇనప కంచెకు ఆనుకుని నిలబడి, ఇంకా రాలేదు అనుకున్నాను. తర్వాత ఆలస్యమైంది అనుకున్నాను. ఆయనతో పాటు బయల్దేరినవాళ్లు మెడలో పతకాలతో, అరటిపండ్లు తింటూ తిరిగి వెళ్తుంటే అప్పుడు ఆ మాట వచ్చింది.

నాన్న సిటీ బస్సు డ్రైవరుగా పనిచేసి రిటైరయ్యాడు. "సర్వీసంతా కూర్చుని ఒకే ఊరు తిరిగాను. ఇకమీద నిలబడి నాలుగూళ్లు తిరుగుతా" అంటూ పరుగు మొదలుపెట్టాడు. ఏ ఊళ్లో రోడ్డు పరుగు ఉందని తెలిసినా ఆయనా అమ్మా రైలెక్కేవాళ్లు. ఆయన పరుగెత్తేవాడు. బట్టలు కుట్టే పనికి రెండు రోజులు సెలవిచ్చి అమ్మ సంచి పట్టుకుని వెళ్లేది. నేను టీచర్ని, బడి ఉండేది కాబట్టి ఒక్కసారీ వెళ్లలేదు. వేసవి సెలవుల ముందు అమ్మ పోయింది. ఆ తర్వాత నాన్న పరుగెత్తుతున్నది ఇదే మొదటిసారి. సంచి నా చేతికి వచ్చింది.

అన్నయ్యకు ఈ ప్రయాణం ఇష్టం లేదు. అమ్మ పోయాక నాన్న పొయ్యి మీద పాలు మరిచిపోయి గిన్నె మాడ్చాడు. ఓ రోజు ఇంటికి తాళం వేయకుండా బజారుకు వెళ్లిపోయాడు.

"ఆయనకి మతిమరుపు మొదలైంది. ఈ ఒక్కసారికి వెళ్లండి. ఏ కాస్త తేడా వచ్చినా పరుగులు బంద్. నా దగ్గరికి తెచ్చేసుకుంటా" అన్నాడు.

అన్నయ్య ఉండేది పన్నెండో అంతస్తులో. "అక్కడ నాకు పనేముంది, లిఫ్టు డ్రైవరుగా పెట్టుకోమను" అని నాన్న నవ్వాడు కానీ, ఆ రాత్రి అన్నం సరిగ్గా తినలేదు.

కంచె పక్కన ఇదంతా గుర్తొచ్చింది. క్లాసులో లేని పిల్లవాణ్ణి తలెత్తి చూడగానే కనిపెట్టడం నా పని. అందరూ ఒకే పసుపు చొక్కాలు వేసుకుని వస్తుంటే, ఉన్న మనిషిని కనిపెట్టలేకపోయాను.

ఫలితాలు చెప్పే టేబులు దగ్గరి ఆవిడ నాన్న చొక్కా మీది నంబరు అడిగి కంప్యూటరులో చూసింది.

"ఎప్పుడో వచ్చేశారు మేడమ్. ఈపాటికి ఇంటికెళ్లి స్నానం కూడా చేసేసుంటారు."

"మా ఇల్లు ఈ ఊళ్లో కాదండీ."

ఆవిడ నవ్వడం మానేసి ప్రథమ చికిత్స డేరా వైపు చేయి చూపించింది.

డేరాలో మంచం మీద ఒక పెద్దాయన పడుకుని ఉన్నాడు. మొహం మీద తడిగుడ్డ కప్పారు. నేను బూట్ల వైపు చూశాను. నాన్న బూట్లకు నీలం లేసులు. ఇవి తెల్లవి.

"మీవాళ్లేనా?" అంది నర్సు.

"కాదండీ" అన్నాను. ఆ మాట ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ పెద్దాయన విన్నాడేమోనని సిగ్గేసింది.

స్టేజీ మీద మైకు పట్టుకున్నతన్ని బతిమాలుకున్నాను. అతను నాన్న నంబరు చదివి, "పెద్దాయనా, ఎక్కడున్నా రావాలి, మీ అమ్మాయి ఇక్కడ ఏడుస్తున్నారు" అన్నాడు.

నేను ఏడవడం లేదని చెప్పాను.

అతను మైకును అరచేత్తో మూసి, "అలా అంటేనే త్వరగా వస్తారు మేడమ్" అన్నాడు. మరో రెండుసార్లు చెప్పాడు. మూడోసారికి మైకులో నన్ను వెక్కివెక్కి ఏడిపించాడు. అయినా ఎవరూ రాలేదు. నాన్న ఫోను నా సంచిలోనే ఉంది.

అన్నయ్యకు ఫోన్ చేయక తప్పలేదు.

"క్లాసు నిండా పిల్లల్ని కాస్తావు. ఒక్క మనిషిని చూసుకోలేకపోయావా?"

ఇక్కడంతా, డేరాలో కూడా వెతికానని చెప్పాను.

"మైకులో చెప్పించావా?"

"మూడుసార్లు."

అన్నయ్య గొంతు తగ్గించి, "అమ్మకి మైకు పడదు" అన్నాడు. "నేనోసారి వెళ్లాను కదా వాళ్లతో. ఇంట్లో మిషను మోత చాలదా, ఇక్కడా ఈ గోలేనా అని ఫినిష్ దగ్గర నిలబడేదే కాదు. మైకు వినపడనంత దూరం వెళ్లి కూర్చునేది. నాన్నే వెతుక్కుంటూ వచ్చేవాడు."

"ఎటువైపు?"

"ఎటని చెప్పను? ఊరు ఊరికీ వేరు. వినపడకుండా పోయేదాకా నడువు."

ఇద్దరం ఫోను పెట్టలేదు. నాన్న అమ్మను వెతుక్కుంటూ వెళ్లి ఉంటే, అమ్మ లేదన్న సంగతి ఆయన మరిచిపోయినట్టే. ఆ ముక్క అన్నయ్య అనలేదు, నేనూ అనలేదు.

ఫినిష్ లైన్ దాటి తిన్నగా నడిచాను. తొక్కిన కాగితపు గ్లాసులు, తడి రోడ్డు. ఇద్దరు మనుషులు కంచెలు లారీకెక్కిస్తున్నారు. మూలన బట్టలుతికే దుకాణంలో ఒకామె దుప్పట్లు మడతపెడుతోంది. ఓ కిటికీలో ఎవరో పళ్లు తోముకుంటూ నన్ను చూశారు. మైకు మాటలు ముందు అర్థం కాకుండా పోయాయి, తర్వాత వట్టి హోరుగా మిగిలాయి. ఇంకో మలుపు తిరిగాక నా చెప్పుల చప్పుడు వినిపించింది.

పళ్ల డాక్టరు క్లినిక్ ముందు మెట్ల మీద నాన్న కూర్చుని ఉన్నాడు. పతకం జేబులో పెట్టుకున్నాడు, రిబ్బను బయటికి వేలాడుతోంది.

"ఎక్కడికెళ్లావే? కొత్త ఊరు, దారి తప్పావేమోనని హడలి చస్తున్నా."

"ఫినిష్ దగ్గరే ఉన్నాను నాన్నా."

"అక్కడెందుకు?"

"అందరూ అక్కడే కదా ఉండేది."

"మనం మైకు వినపడని చోట కదా..." అని ఆగిపోయాడు. "నీకెవరూ చెప్పలేదు కదూ."

"లేదు."

"చెప్పాల్సింది నేనే."

అడగకుండా ఉండలేకపోయాను. మాటలు ఏరుకుని అడిగాను. "అమ్మ ఉంటుందనుకుని వచ్చావా నాన్నా?"

ఆయన నా వైపు తిరిగాడు. "అమ్మ లేదు కదమ్మా" అన్నాడు, నాకు తెలియని సంగతేదో మెల్లగా చెబుతున్నట్టు. "సంచి ఎవరి దగ్గరుంటే వాళ్లు ఇలాంటి చోటే ఉంటారనుకున్నా."

ఆయన పక్కనే మెట్టు మీద కూర్చుని సంచి తెరిచాను. ఆయన తువ్వాలు తీసుకుని మొహం తుడుచుకున్నాడు.

"తప్పిపోయావని మైకులో చెప్పించాను" అన్నాను.

"డ్రైవరు తప్పిపోవడమేంటే? స్టాపు తెలియక ఇంకోచోట దిగేది ప్యాసింజర్లు."

అన్నయ్య ఒక్క రింగుకే ఎత్తాడు. "బానే ఉన్నారా? అంటే... తెలివిగానే?"

"నాకంటే. తప్పిపోయింది నేను."

నాన్న ఫోను లాక్కున్నాడు. "ఒరేయ్, ఆ లిఫ్టు ఉద్యోగం ఎవరికైనా ఇచ్చేయ్" అన్నాడు. అన్నయ్య నవ్వు నాకూ వినిపించింది. అమ్మ పోయాక వాడు నవ్వడం అదే మొదలు.

చెప్పులు మార్చుకుంటూ నాన్న పాత ఊళ్లు చెప్పాడు. ఒక ఊళ్లో గడియారాలు బాగుచేసే అంగడి అరుగు. ఒక ఊళ్లో లైబ్రరీ వెనక సైకిళ్ల షెడ్డు, అక్కడ అమ్మ ఎవరి చొక్కాకో ఊడిన గుండీ కుట్టిపెట్టిందట. ఇంకో ఊళ్లో మైకు మరీ పెద్దదై కాలవ దాకా నడవాల్సి వచ్చిందట. "పరుగు దారి అన్నిచోట్లా ఒకటే, ముందువాడి వీపు తప్ప ఏం కనపడదు. ఊరనేది మీ అమ్మను వెతుక్కునేటప్పుడే చూశాను" అన్నాడు.

పై నెలలో ఇంకో ఊళ్లో పరుగు ఉంది. రైలు టిక్కెట్లు ఇద్దరికీ తీసుకున్నాం. అక్కడ ఎక్కడ కలుసుకోవాలో ఇంకా మాట్లాడుకోలేదు.