నవ్వుల సినిమా

“ఎలాగూ మనకోసం పొయ్యి వెలిగిస్తావుగా, ఇంకో పాతికమందికి వండితే నీకేం పోయింది?” అన్నాడు నెవిల్.

సినిమావాళ్ళు హ్యూవన్ లోయలోని వాళ్ళ ఆపిల్ తోటను షూటింగుకి అద్దెకు తీసుకున్న రోజున అన్నమాట అది. అద్దె తోటకి, వంట అతని భార్య గ్లెనిస్‌కి. ఆమెది కాయలు కోసే కూలీలకీ మామగారికీ మంచం పట్టిన అత్తగారికీ వండి వండి అలవాటైన చేయి. “చేతులు ఖాళీగా ఉంటే ఆడదాని బుర్రలో పురుగు దొలుస్తుంది” అనేది అత్తగారు. గ్లెనిస్ బుర్రలో ఏం దొలుస్తోందో మాత్రం పోయేదాకా కనిపెట్టలేకపోయింది.

సినిమా కథ సరదాది. కాయలు కోయడానికి వచ్చిన ఇద్దరు అమ్మాయిలు నిచ్చెన కోసం తగువు పడతారు, పెంపుడు బాతు తరిమితే ఒకే చెట్టెక్కుతారు, ప్రేమలో పడతారు. చివరికి ఊరంతా చప్పట్లు కొడుతుంటే ఆపిళ్ళు పెట్టెలకెత్తే షెడ్డులో ఇద్దరూ డాన్సు చేస్తారు. ఆ షెడ్డులోనే ముద్దు సీను తీస్తున్నప్పుడు గ్లెనిస్ మాంసం కూరి కాల్చిన వేడి వేడి పైలున్న ట్రే పట్టుకుని తలుపు దగ్గర నిలబడింది. ముద్దు కుదరక అమ్మాయిలు పగలబడి నవ్వుతున్నారు. మళ్ళీ మొదలుపెడుతున్నారు, మళ్ళీ నవ్వుతున్నారు. ఆమెకు అసూయ కలిగింది. వాళ్ళ వయసు మీద కాదు, అందం మీద కాదు. ఆ నవ్వు మీద. ఇదే షెడ్డులో, ఇవే పెట్టెల వెనక, తనూ, కోతలకొచ్చిన రోవీనా అనే అమ్మాయీ ఒక కోతకాలమంతా గుసగుసలతోనే గడిపారు. పెళ్ళైన రెండో ఏడు అది. ఒక్కసారైనా గొంతెత్తి నవ్వలేదు. ఎవరైనా వస్తారేమోనని ఒక చెవి ఎప్పుడూ బయటే ఉండేది. ముద్దులో కూడా సగం మనిషే ఉండేది ఆమె. ఈ పిల్లలు ఎంత తేలిగ్గా ప్రేమిస్తున్నారు. ఆ హక్కు ఎవరిచ్చారు వీళ్ళకి? తనకెందుకివ్వలేదు? కోతలయ్యాక రోవీనా శనివారం హోబార్ట్ పట్నం వెళ్ళే బస్సుకి తనతో వచ్చెయ్యమంది. గ్లెనిస్ వెళ్ళలేదు.

సినిమా పూర్తయ్యాక ఓ ఆదివారం మధ్యాహ్నం ఊరి హాల్లో వరసగా రెండు ఆటలు వేశారు. టీ, ఫలహారాలు మామూలుగానే ఆడవాళ్ళ కమిటీ మీద పడ్డాయి. కమిటీ అంటే గ్లెనిసే. మొదటి ఆట మొదలయ్యాక వెనక వరసలో చోటు చూసుకుని కూర్చుంది. ముందు వరసలో పొట్టిగా కత్తిరించిన తెల్లజుట్టు, ఆ మెడ. జుట్టు తెల్లబడినా మెడ తెలిసింది. రోవీనా. పక్కనే ఓ బొద్దుగా ఉన్నావిడ. హాలు నవ్వినప్పుడల్లా ఆ ఇద్దరూ ఒకరి మీద ఒకరు ఒరుగుతున్నారు. తెర మీద ఏం జరుగుతోందో గ్లెనిస్‌కి ఎక్కలేదు. అందరూ నవ్వుతున్నచోట ఆమె ఏడ్చింది. చివర కృతజ్ఞతల్లో “తోట యజమాని నెవిల్ గారికి, వారి కుటుంబానికి” అని వచ్చింది. నెవిల్ లేచి చెయ్యి ఊపాడు.

టీ బల్ల దగ్గరికి రోవీనాయే వచ్చింది, ఆ బొద్దుగా ఉన్నావిడని వెంటబెట్టుకుని.

“టెస్, ఈమే గ్లెనిస్. నీకు చెప్పానుగా.”

చెప్పిందట. గ్లెనిస్ ఇన్నేళ్ళు ఊపిరిలా దాచుకున్నది వాళ్ళింట్లో భోజనాల దగ్గర చెప్పుకునే ముచ్చట. పైలు చాలా బాగున్నాయని టెస్ మనసారా మెచ్చుకుంది. ఆమె మంచిది కావడమే గ్లెనిస్‌కి మింగుడుపడలేదు. కాస్త టెక్కు చూపించినా కడుపుమంటకి ఓ సాకు దొరికేది. టెస్ వాళ్ళిద్దరినీ వదిలి కారు చూసొస్తానని వెళ్ళింది.

“ఆ రోజు బస్సు వెళ్ళిపోయాక కూడా అక్కడే కూర్చున్నాను,” అంది రోవీనా.

“మా అత్తగారి వైపు చుట్టాలొచ్చారు. భోజనాలు…” అంది గ్లెనిస్. పైకి అనేసరికి ఆ కారణం ఎంత పలచనిదో తెలిసింది.

“ఏం వండావేంటి?”

“గొర్రెమాంసం. మాడిపోయింది.”

రోవీనా నవ్వింది. గ్లెనిస్‌కీ నవ్వొచ్చింది. జనం తిరిగి చూసేంత పెద్దగా, ఇద్దరూ కలిసి, మొట్టమొదటిసారి. అంతలో టెస్ వచ్చి రోవీనా చెయ్యి పట్టుకుంది. వెళ్ళొస్తామని చెప్పి ఇద్దరూ మెట్లు దిగారు. గ్లెనిస్ వాళ్ళ చేతుల వంకే చూస్తూ ఉండిపోయింది.

నెవిల్ ఎంగిలి కప్పుల ట్రే తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

“నవ్వుల సినిమాకి ఏడ్చావంట. మనవాళ్ళు ఒకటే ఎగతాళి. ఇవి గబగబా కడిగెయ్యి, రెండో ఆటకి జనం వస్తున్నారు.”

గ్లెనిస్ నడుముకి కట్టిన ఏప్రన్ విప్పి బల్ల మీద పెట్టింది.

“ఏడుపు కాదు నెవిల్. కుళ్ళు.”

“ఆ పిల్లల మీదా? ఈ వయసులోనా?”

“పిల్లల మీద కాదు. ఇప్పుడు రోవీనా చెయ్యి పట్టుకుని వెళ్ళిందే, ఆవిడ మీద. అది నా చోటు. నేనే వదులుకున్నాను.”

నెవిల్ ముందు ఆమె ముఖంలోకి, తర్వాత చుట్టూ ఉన్న జనంలోకి చూశాడు. గొంతు తగ్గించి, “ఇది నేను ఎవరికని చెప్పుకోను?” అన్నాడు.

“నువ్వెవరికీ చెప్పక్కర్లేదు. రాత్రికి నేను మా చెల్లెలింట్లో ఉంటాను. ఇకమీదట నా గురించి నేనే చెప్పుకుంటాను,” అని రెండో ఆట చూడ్డానికి లోపలికి వెళ్ళింది.