గొడవ చెయ్యని బఠాణీ

భార్య, కూతురు సామాన్లు సర్దుకుని వెళ్ళిపోయాక లిఫ్ట్ మెకానిక్ ఇంట్లో రెండు ప్రాణులు మిగిలాయి. ఒకటి అతను. రెండోది కిటికీ పక్కన తీగల పంజరంలో ఉన్న హ్యామ్‌స్టర్. అరచేతిలో ఇమిడిపోయేంత, ఎలుక లాంటి జంతువు. గోధుమరంగు బొచ్చు, నల్లపూసల్లాంటి కళ్ళు. కూతురు దానికి బఠాణీ అని పేరు పెట్టుకుంది. తల్లీకూతుళ్ళు వెళ్ళింది వేరే ఊళ్ళో ఉన్న పిల్ల పెద్దమ్మ ఇంటికి. అక్కడ పిల్లి ఉంది. అందుకని బఠాణీ తండ్రి వాటాకి వచ్చింది.

"రోజూ నీళ్ళ సీసా చూడు నాన్నా. నీళ్ళు ఉన్నట్టే ఉంటాయి గానీ, గొట్టం కొసన గోలీ ఇరుక్కుంటే చుక్క కూడా రాదు" అని గుమ్మంలో నిలబడి చెప్పింది ఆ పిల్ల. పదేళ్ళు ఇంకా నిండలేదు. ఏడవలేదు, పేచీ పెట్టలేదు. బంగారుతల్లి, ఎంత అర్థం చేసుకుందో అని తల్లీ తండ్రీ ఎవరికి వాళ్ళే అనుకున్నారు. చాలా కాలానికి వాళ్ళిద్దరి అభిప్రాయం కలిసింది ఆ ఒక్క విషయంలోనే.

అతనికి యంత్రాల సంగతి బాగా తెలుసు. మోటారు గదిలో కాసేపు చెవి ఒగ్గి నిలబడితే బేరింగు అరిగిందో, బ్రేకు పట్టేస్తోందో చెప్పేసేవాడు. బఠాణీ దగ్గర మాత్రం ఆ విద్య అక్కరకు రాలేదు. మొదటి రోజు మధ్యాహ్నం, కాగితం ముక్కల గూట్లో ముడుచుకుని నిద్రపోతున్నదాన్ని ముద్దు చేద్దామని పైకి తీశాడు. అది వేలు పట్టుకుని కొరికేసింది. ఆ వేలు నోట్లో పెట్టుకునే కూతురికి ఫోన్ చేశాడు.

"నిద్రలో నిన్ను లాగితే నువ్వు మాత్రం ఊరుకుంటావా?" అంది పిల్ల. "పగలు దాన్ని కదపకూడదు. లేచాక ముందు చెవులు చూడు. వెనక్కి అణిగిపోయి ఉంటే భయపడుతోందన్నమాట. నిక్కబొడుచుకుంటే ఎవరు నువ్వు అని అడుగుతున్నట్టు."

"అది నోరు తెరిచి చెప్పదు కదే. నాకేం తెలుస్తుంది?"

"చెప్తూనే ఉంటుంది నాన్నా. నువ్వు చూడాలి, అంతే."

అప్పటినుంచి పని నుంచి రాగానే చేతులు కడుక్కుని పంజరం ముందు కూర్చోవడం అలవాటైంది. కనబడినదంతా ఫోన్లో కూతురికి చెప్పేవాడు. అది ఎక్కి పరుగెత్తే చక్రం కీచుమంటోందని గ్రీజు డబ్బా తీసిన రోజున ఆ పిల్ల అవతలి నుంచి కేక పెట్టింది. "గ్రీజు నాకేస్తుంది నాన్నా! అది లిఫ్టు కాదు, బఠాణీ! వంటనూనె ఒక్క బొట్టు రాయి చాలు." పొద్దుగూకగానే అది అదేపనిగా తీగలు కొరుకుతుంటే తలుపు వదులైందేమోనని బిగించాడు. "తలుపు కాదు, దానికి విసుగ్గా ఉంది. చోటు చాలట్లేదు" అని పిల్ల తేల్చింది. ఆ ఆదివారం పాత బీరువా చెక్కలు కోసి, రంపపు పొట్టు మందంగా పరిచి, దానికి పెద్ద ఇల్లు కట్టాడు. ఒక మూల గిన్నెలో సన్నటి ఇసుక పోశాడు. బఠాణీ అందులో పొర్లి పొర్లి, లేచి ఒళ్ళు విరుచుకుని, నాలుగు పళ్ళూ కనబడేలా ఆవులించింది.

"ఆవులించిందా? నిజంగా? నీ ఎదురుగానేనా?" పిల్ల గొంతు సంబరంతో సన్నబడిపోయింది. "అంటే నిన్ను నమ్మింది నాన్నా! భయమేస్తే అట్లా ఆవులించదు."

ఒకే కప్పు కింద ఉన్నన్నాళ్ళు వాళ్ళిద్దరూ ఇన్ని మాటలు మాట్లాడుకున్నది లేదు. అప్పట్లో అతనూ భార్యా ఉప్పూ నిప్పూలా చిటపటలాడుతుంటే, పిల్ల తన గదిలో తలుపు దగ్గరికి వేసుకుని కూర్చునేది. ఇప్పుడు మాత్రం బఠాణీ కబుర్లకు అంతు ఉండేది కాదు. మధ్యలో అతను "కొత్త స్కూలు ఎట్లా ఉందమ్మా?" అంటే "బాగుంది" అనేది. "స్నేహితులు దొరికారా?" అంటే "ఆఁ" అనేది. వెంటనే "ఇప్పుడేం చేస్తోంది? గింజలతో బుగ్గలు నింపుకుందా?" అని అడిగేది.

చలి మొదలైంది. బఠాణీ ఇసుకలో పొర్లడం మానేసింది. చక్రం ఎక్కడమూ తగ్గింది. అతను చెయ్యి పెట్టినా కదలకుండా మూల కూర్చునేది. మొత్తానికి మచ్చికైందని అతను మురిసిపోయాడు.

"నీ బఠాణీ బుద్ధిమంతురాలైపోయిందమ్మా. అసలు గొడవే చెయ్యట్లేదు" అన్నాడు ఆ సాయంత్రం ఫోన్లో.

పిల్ల వెంటనే ప్రశ్నలు మొదలుపెట్టింది.

"నాన్నా, వీపు గూనిగా పెట్టుకుని కూర్చుందా?"

"ఆఁ, ఉండలాగా."

"బొచ్చు రేగి ఉందా? కళ్ళు సగమే తెరుస్తోందా?"

అతను వంగి చూశాడు. రోజూ చూస్తున్నదే. అయినా ఇప్పుడే కనబడినట్టయింది. "ఉంది" అన్నాడు మెల్లగా.

"గొడవ చెయ్యకపోతే బాగున్నట్టు కాదు నాన్నా" అంది పిల్ల. "దానికి ఎక్కడో నొప్పిగా ఉంది. డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళు. ఇప్పుడే."

జంతువుల డాక్టరమ్మ బఠాణీని రెండు వేళ్ళతో పొట్ట కింద నిమిరి చూసింది. "గడ్డ ఉంది. బాగా పెరిగింది. వీటి ఆయుష్షే రెండేళ్ళో, ఇంకాస్తో. దీనికి మత్తిచ్చి కొయ్యాలంటే తట్టుకోలేదు" అంది.

"ముందే చూసి ఉంటే?"

"చెప్పలేం. ఇవి నొప్పిని చివరిదాకా దాచుకుంటాయండీ. బలహీనంగా కనబడితే ఏదో ఒక జంతువు నోట కరుచుకుపోతుందని భయం. అందుకే చప్పుడు చెయ్యవు." ఒక మందు చుక్కలు రాసిచ్చి, వెచ్చగా ఉంచమంది.

ఇంటికి వచ్చి అతను భార్యకు ఫోన్ చేశాడు. విడిపోయినా ఆమె 'మీరు' అనడం మానలేదు. ఇప్పుడా మాట ఇద్దరి మధ్యా గోడలా వినబడుతోంది.

"పాపను ఒకసారి తీసుకొస్తావా? బఠాణీ బతకదట."

"చిన్న ఎలుకంత దానికోసం అంత దూరం రావాలా? చదువు పాడవుతుంది. మీరే మెల్లగా చెప్పండి, అర్థం చేసుకుంటుంది. ఇక్కడ టీచర్లందరూ ఆణిముత్యం అంటున్నారు. క్లాసులో గొంతే వినబడదట. ఇంట్లో కూడా అంతే, ఇది కావాలని ఒక్కమాట అడగదు. ఎక్కడ కూర్చోబెడితే అక్కడే."

అతను చెక్క ఇంటి మూల ముడుచుకున్న బఠాణీ వైపు చూశాడు.

"పాప అడగదు. అందుకే నేనడుగుతున్నాను" అన్నాడు. "దాన్ని నువ్వు సరిగ్గా చూడట్లేదని అనట్లేదు. నేనూ చూడలేదు. ఇద్దరం మన గొడవల్లో మనం ఉన్నాం. అది మూల కూర్చుంటే బుద్ధిమంతురాలు అనుకున్నాం."

చివరికి ఆమె, "ఆదివారం పొద్దున్న బస్సుకి వస్తాం" అంది.

పిల్ల వస్తూనే చెప్పులు గుమ్మంలో విడిచి నేరుగా ఆ చెక్క ఇంటి దగ్గరికి వెళ్ళింది. తండ్రి పాత మెత్తటి చొక్కా ఒళ్ళో పరుచుకుని బఠాణీని దాని మీద పెట్టుకుంది. అది ముక్కు ఒకసారి ఎగబీల్చింది. చెవులు కాస్త లేచాయి.

"నిన్ను గుర్తుపట్టింది" అన్నాడు తండ్రి.

"పళ్ళు నూరుతోంది. నొప్పి" అంది పిల్ల. నిమరబోయిన తల్లి చేతిని మెల్లగా ఆపింది. "ముట్టుకోవద్దంటోంది అమ్మా. ఊరికే పక్కన ఉంటే చాలట."

ముగ్గురూ అలాగే నేలమీద కూర్చున్నారు. ఎవరూ ఎవరినీ ఏమీ అనలేదు. ఎండ కిటికీలోంచి గోడ మీదికి పాకేసరికి బఠాణీ ఊపిరి ఆగిపోయింది. పిల్లకు ఆ సంగతి అందరికంటే ముందు తెలిసింది. చొక్కా అంచులు దానిమీద కప్పింది. కళ్ళలో నీళ్ళు లేవు.

"చూశారా, ఎంత గట్టి..." అని తల్లి ఏదో అనబోయింది. అతను వద్దన్నట్టు తల ఊపాడు.

"నీకేం కావాలమ్మా?" అని అడిగాడు పిల్లని.

"ఏం వద్దు."

అతను లేచిపోలేదు. ఫోన్ మోగితే ఆపేశాడు. తల్లి కూడా కదల్లేదు. వాళ్ళిద్దరూ అంతసేపు తనకోసం ఊరుకుని కూర్చోవడం పిల్లకు కొత్త. ముందు ఆ పిల్ల గడ్డం వణికింది. ఆ తర్వాత భుజాలు.

"మనం ముగ్గురం ఇక్కడే ఉండాలి" అంది. "అదే కావాలి నాకు. వెళ్ళిపోయేటప్పుడే చెప్దామనుకున్నా. మీరు అడగలేదు."

తల్లి మొహం పక్కకి తిప్పుకుంది. అతను అబద్ధం చెబుదామనుకున్నాడు. చూద్దాంలే అనొచ్చు, సెలవులకి అనొచ్చు. నోరు రాలేదు.

"అదొక్కటీ మా చేతుల్లో లేదు తల్లీ" అన్నాడు.

పిల్ల రెండు పిడికిళ్ళతో అతని ఛాతీ మీద కొట్టింది. "ఎందుకు లేదు? మీ చేతుల్లో కాక ఎవరి చేతుల్లో ఉంది?" అని ఇల్లు అదిరిపోయేలా అరిచింది. ఆ పిల్లకు అంత గొంతు ఉందని ఇద్దరికీ తెలియదు. అతను దెబ్బలన్నీ తిన్నాడు.

అపార్ట్‌మెంట్ వెనక ప్రహరీ గోడ పక్కన మట్టి తవ్వి బఠాణీని పెట్టారు. సాయంత్రం బస్టాండులో పిల్ల బస్సెక్కనని స్తంభం పట్టుకుంది. జనం గుమిగూడారు. "ఇంత పిల్లవి, ఏంటమ్మా ఈ గొడవ?" అని కండక్టరు విసుక్కున్నాడు.

"చెయ్యనివ్వండి" అంది తల్లి. ఏడుస్తూనే కూతురి పక్కన స్తంభం దగ్గరి మెట్టు మీద కూలబడింది.

ఆ బస్సు వెళ్ళిపోయింది. తర్వాతి బస్సుకి, ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లిన పిల్లను తండ్రే ఎత్తుకుని సీట్లో పడుకోబెట్టాడు. అతని చొక్కా ఆ పిల్ల గుప్పిట్లో ఉండిపోయింది. ఒక్కొక్క వేలే విడదీయాల్సి వచ్చింది. బస్సు మలుపు తిరిగిపోయాక కూడా, భుజం మీద తడి ఆరేదాకా అతను అక్కడే నిలబడ్డాడు.