ఆకుపచ్చ మరక

ముసలాయన ఎర్రబంతిని మెత్తటి గుడ్డతో తుడుస్తున్నాడు. కుట్టు పక్కన గోరంత ఆకుపచ్చ మరక ఉంది. గుడ్డ అక్కడిదాకా వచ్చి పక్కకు తప్పుకుంది. అరవై ఎనిమిదేళ్లుగా ప్రతి ఉదయం ఇదే పని.

తొంభై ఆరేళ్ల మనిషి. వికెట్ల వెనక విరిగిన వేళ్లు ఎటు పడితే అటు అతుక్కున్నాయి. చొక్కా బొత్తాలు కోడలే పెట్టాలి. ఆడిన పెద్ద మ్యాచ్ ఒక్కటే. ఆ తరువాత ముప్పై ఏళ్లు అదే మైదానంలో గడ్డి కోసి, రోలరు లాగి పొట్టపోసుకున్నాడు. తోటి ఆటగాళ్లందరూ పోయారు. చావు ఈయన చిరునామా ఎక్కడో పారేసుకున్నట్టుంది.

"కాఫీ, మామయ్యా. పట్టుకున్నారా?" అంది కోడలు గ్లాసు అందిస్తూ.

ఆయన గ్లాసు అందుకోబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఎవరు ఆ మాటన్నా అంతే.

ఆ రోజుల్లో అనుమానం వస్తే బ్యాట్స్‌మన్ అంపైర్ వైపు చూసేవాడు కాదు, పట్టినవాణ్ణే అడిగేవాడు. "పట్టావా?" అన్నాడు ఎదుటి జట్టు కుర్రాడు. బంతి గడ్డిని తాకి చేతుల్లోకి వచ్చింది. ఈయన "పట్టాను" అన్నాడు. కుర్రాడు బ్యాటు చంకన పెట్టుకుని వెళ్లిపోయాడు. మళ్లీ అతణ్ణి ఏ జట్టూ పిలవలేదు. మ్యాచ్ గెలిపించినందుకు ఈయనకు ఆ బంతే బహుమతి.

ఆనాటి కుర్రాడు మంచం పట్టాడని నిన్ననే తెలిసింది. చెప్పకుండానే ఇద్దరిలో ఒకరు పోతారేమోనని రాత్రంతా నిద్రలేదు.

"ఇవాళ నన్ను అతని దగ్గరికి తీసుకెళ్లమ్మా."

"సెంచరీకి నాలుగే తక్కువ. ఈ ఎండలో రనౌట్ అవుతారా ఏంటి?" అని విసుక్కుంటూనే టాక్సీ పిలిచింది.

మంచం మీద బక్కచిక్కిన మనిషి. ఈయన కుర్చీ దగ్గరికి లాక్కుని, ఒక్క గుక్కలో చెప్పేశాడు. "అది నేలకి తగిలింది. నేను అబద్ధమాడాను."

"తెలుసు. గడ్డి మీద పడటం చూశాగా."

"మరి ఎందుకు వెళ్లిపోయావు?"

"అడిగింది నేనేగా. అడిగాక నమ్మాలి." కాసేపు ఊపిరి తీసుకున్నాడు. "సాయంత్రానికల్లా వచ్చి చెప్తావనుకున్నా. పెవిలియన్ మెట్ల మీద చీకటి పడేదాకా కూర్చున్నాను."

చెప్తే బరువు దిగుతుందనుకున్నాడు ముసలాయన. ఇప్పుడు ఆ మెట్లు కూడా వచ్చి మీద పడ్డాయి. చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. బంతిని దిండు పక్కన పెట్టి లేచాడు.

ఇద్దరూ టాక్సీలో తిరుగుదారి పట్టారు. సగం దూరం వచ్చాక కోడలు నీళ్ల సీసా మూత తీసి ఆయన చేతిలో పెట్టింది.

"పట్టుకున్నారా, మామయ్యా?"

సీసా జారి నీళ్లు ఒళ్లో ఒలికిపోయాయి. ఆయన కదల్లేదు. చావుకి ఆ చిరునామా దొరికినట్టుంది.

అవతల ఆ గదిలో, దిండు పక్కన బంతి, మరక ఉన్న వైపు పైకి.